అడిగే తీరు

ఆ సేవాసంస్థలో కొత్త వాలంటీర్లకి లేనివాళ్ళ బాధ తెలియాలట. అందుకని మెడలో ముత్యాల దండ వేసుకున్న మేడమ్ ఒక్కొక్కరినీ పిలిచి, సాయం అడగడానికి వచ్చినట్టు నటించమంటోంది. తలుపు దగ్గర నిలబడిన నా మీద పడింది ఆవిడ చూపు.

"రామ్మా, ఇక నీ వంతు. అడుగు."

"మా ఆయన మంచాన పడ్డారండీ. పాపకి పాలడబ్బా ఇప్పించండి," అన్నాను.

మేడమ్ పెదవి విరిచింది. "ఏమాత్రం నమ్మేలా లేదు. ఆ ఇస్త్రీ చీరేంటి, తలెత్తి ఆ మాటేంటి! నిజంగా లేనివాళ్ళు ఇలా అడుగుతారా? కాళ్ళావేళ్ళా పడొద్దూ?"

నా తర్వాత వచ్చినావిడ కొంగు నోట్లో కుక్కుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. గదంతా చప్పట్లు. అవి ఆగకముందే ఆవిడ ఫోన్ తీసి, కాటుక చెదిరిందేమోనని చూసుకుంది. ఆకలి అంత అందంగా ఉంటుందని నాకిన్నాళ్ళూ తెలీదు.

"చూశావా? అలా ఉండాలి," మేడమ్ నా వైపు తిరిగింది. "ఫరవాలేదులే, నేర్చుకుంటావు. సోమవారం నుంచి పంపిణీ బల్ల దగ్గర కూర్చో."

"నేను మీ వాలంటీర్ని కాదండీ, గది తప్పి వచ్చాను," అన్నాను. "నిజంగా అడిగేవాళ్ళు ఎటు వెళ్ళాలో చెప్పండి. ఈసారి పాపని ఎత్తుకొస్తాను. అదైతే మీకు నచ్చేట్టు ఏడుస్తుంది."