పుల్లమ్మ పేరు

“క్వారీ మీద ఫిర్యాదు చేసిన మనిషి పేరు ఆ క్వారీ నడిపే నాయకుడికి నువ్వే చెప్పినవా?” శాసనసభ కమిటీ అధ్యక్షురాలు మంజులత అడిగింది.

“నేనే చెప్పిన మేడం,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్ ఏసోబు.

“ఏం ఆశించి?”

“ఏం లేదు మేడం. నా భార్య పోయి మూడేండ్లాయె. ఇంట్ల పలకరించెటోళ్లు లేరు. ఆయన రోజూ ఫోన్ చేసి ‘ఏసోబన్నా, మంచిగున్నవా’ అనేటోడు. ఒకనాడు గట్లనే మాట్లాడుకుంట, స్టేషన్ల ఆ ఫిర్యాదు ఎవరు రాసిచ్చిన్రని అడిగిండు. పుల్లమ్మ అని చెప్పిన.”

“ఇప్పుడు చేస్తున్నడా ఫోన్?”

“ఆ దినం నుంచి బంద్.”

మంజులత కాగితం తిప్పింది. “మూడో రోజే ఆమె పత్తిచేను తగలబెట్టిన్రు. ఊర్ల ఎవ్వరూ ఆమెతోని మాట్లాడొద్దని బెదిరించిన్రు. ఆ ఒంటరితనం పడలేక ఊరిడిసి పోయింది.”

చేను కాలిన సంగతి ఏసోబుకు తెలుసు. ఎవరూ పలకరించని ఇల్లు ఎట్లా ఉంటుందో అంతకన్నా బాగా తెలుసు. అలాంటి ఇంట్లోకి తానే ఇంకొకరిని నెట్టానని మాత్రం ఇప్పుడే తెలిసింది.

“ఇప్పుడు ఏడుంటాంది మేడం? ఒక్కసారి పోయి కలుస్త.”

మంజులత ఫైలు మూసింది.

“ఏడున్నదో ఎవ్వరికీ చెప్పొద్దని బతిమాలింది, ఏసోబూ. నీ పేరు పెట్టి మరీ చెప్పింది.”