గీత మీది చుక్క

“బాబాయ్, ఈ చుక్క తీసేస్తున్నాను,” అంది ఆమె మౌస్ మీద వేలుంచి.

“పిచ్చా నీకు? అది మీ నాన్న చివరిగా లెక్కగట్టిన పేలుడు. గంటలో పేపర్ పంపాలి!” అన్నాడు తండ్రి స్నేహితుడైన ప్రొఫెసర్.

తెర మీద గ్రాఫ్ ఉంది. సుదూర అంతరిక్షంలో జరిగే గామా కిరణాల పేలుడులో మొత్తం శక్తి ఎక్కువైనకొద్దీ శిఖర శక్తీ, అంటే కిరణాలు అత్యంత ప్రకాశంగా వెలువడే శక్తి స్థాయీ, పెరుగుతుందని చూపే గీత అది. చనిపోయిన తండ్రి పెట్టిన చుక్క సరిగ్గా దాని మీదే కూర్చుంది.

“మొత్తం శక్తి తెలియాలంటే దూరం తెలియాలి. ఈ పేలుడు దూరం ఎవరూ కొలవలేదు. నాన్న ఈ గీతతోనే దూరం లెక్కగట్టి, ఆ దూరంతో ఈ గీతనే రుజువు చేశాడు.”

ప్రొఫెసర్ కుర్చీలో కూలబడ్డాడు. “నాకు తెలుసమ్మా.”

“తెలిసీ నోరు మెదపలేదా?”

“ఆసుపత్రిలో వాడే ఒట్టు వేయించుకున్నాడు. ‘తప్పు చేశాన్రా. నువ్వు దిద్దకు. నా కూతురు నా పేరు చూసి ఊరుకుంటుందో, లెక్క చూస్తుందో తెలియాలి’ అన్నాడు.”

చిన్నప్పుడు ఆమె లెక్కలు చేస్తుంటే నాన్న వెనకే వంగి చూసేవాడు. ఇప్పుడూ మెడ మీద ఆ ఊపిరే తగిలింది.

వెనక్కి తిరగకుండా మౌస్ నొక్కింది. చుక్క మాయమైంది.

ఊపిరి మాత్రం ఇంకా వెచ్చగా తగులుతూనే ఉంది.