మధ్యలో ఏమీ లేదు

గడ్డపార ఖంగుమంది. మొన వంగింది.

“ఇది రెండోది,” అన్నాడు గట్టు మీద నిలబడ్డ రోడ్డు ఇంజనీరు, నవ్వు దాచుకునే ప్రయత్నమేమీ చేయకుండా. “నేల కూడా నీ మాట వినడం లేదు మరదలా.”

“నువ్వు నోరు మూసుకుంటే వింటుంది బావా,” అంది గుంటలోంచి తవ్వకాల అధికారి. దుమ్ము కొట్టుకుపోయిన ఆమె మొహంలో కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

అక్క మొగుడితో ఇలా దిబ్బ తగాదా వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఆయన వేయబోయే రోడ్డుకు అడ్డంగా ఉన్న మట్టిదిబ్బలో రాతియుగం నాటి ఊరు బయటపడింది. ఎడమవైపు తవ్వితే ఇళ్లు, కుడివైపు తవ్వితే ఇళ్లు. పొయ్యిలు, ధాన్యం దాచుకున్న గుంటలు, ఏ పిల్లో ఆడుకున్న మట్టి ఎద్దు. ఆ ఎద్దు దొరికిన రోజు ఆమె గుంటలోనే చిందులేసింది. కానీ సరిగ్గా రోడ్డు వెళ్లాల్సిన నడిమి పట్టీలో మాత్రం ఒక్క కుండపెంకు కూడా లేదు. ఈ సాయంత్రంలోగా అక్కడ ఏదైనా దొరికితే రోడ్డు దిబ్బను చుట్టి పోతుంది. దొరక్కపోతే రేపు యంత్రాలు దిగి ఊరిని రెండు ముక్కలు చేసేస్తాయి. పైఅధికారుల ముందు ఇద్దరూ ఒప్పుకున్న మాట అది. ఈ గోల పడలేక, అన్నాల దగ్గర రోడ్డు మాటగానీ పెంకుల మాటగానీ ఎత్తితే కంచాలు లాగేస్తానని అక్క ఇద్దరినీ బెదిరించింది కూడా.

“అన్ని ఇళ్ల గుమ్మాలూ ఇటువైపే ఉన్నాయి బావా. ఇంత చోటు ఊరికే వదిలేస్తారా?”

“ఎదురుబొదురుగా నిలబడి పోట్లాడుకోవడానికి వదిలుంటారు. మనలాగే.”

“పశువుల దొడ్డేమో?”

“పేడ ఆనవాళ్లు లేవని పొద్దున నువ్వేగా అన్నావు!”

ఆమె పళ్లు నూరింది. పనివాళ్లు తట్టలు మొహాలకు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

పొద్దు వాలింది. ఆ గట్టినేలలో గులకరాళ్లు తప్ప ఏమీ తేలలేదు. ఆమె చేతిలోని బ్రష్షు పక్కన పడేసింది.

“నువ్వే గెలిచావు బావా. తెచ్చుకో నీ యంత్రాల్ని.”

ఆయన ఎగిరి గంతేస్తాడనుకుంది. వేయలేదు. ఆమెకు చెయ్యి అందించడానికి మెల్లగా గుంటలోకి దిగాడు. దిగినవాడు ఆగిపోయాడు. మడమతో నేలను తొక్కి చూశాడు. మళ్లీ తొక్కాడు. ఇస్త్రీ బట్టల సంగతి మరిచిపోయి బోర్లా పడుకున్నాడు.

“బావా! కళ్లు తిరిగాయా?”

“ఈ గులకరాళ్లు ఎక్కడివి?”

“ఏటివి. ఏరు ఇక్కడికి చాలా దూరం.”

“మరి నడిచొచ్చాయా? దారం ఉందా నీ దగ్గర?”

ఇద్దరు పనివాళ్లు ఆ పట్టీకి రెండు అంచులా కూర్చుని దారాన్ని మట్టంగా, బిగించి పట్టుకున్నారు. నడుమ అది నేలను తాకింది. అంచుల దగ్గర మాత్రం దాని కింద చెయ్యి దూరేంత సందు ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది. గబగబా ఫోను తీశాడు.

“రేపు యంత్రాలు రావద్దు. మనమే పక్కకు జరుగుతున్నాం.”

“జాలి చూపిస్తున్నావా బావా? నాకేం అక్కర్లేదు!”

“జాలా, నా మొహమా! నీకు దొరికింది. పొద్దుటి నుంచీ దాని మీదే నిలబడ్డావు.”

ఆమె గాభరాగా కాళ్ల కిందికి చూసింది. “ఏదీ? ఇక్కడ ఏమీ లేదే!”

ఆయన పడీపడీ నవ్వుతూ ఆమె నెత్తిన ఒక్క మొట్టికాయ వేశాడు.

“పిచ్చి మరదలా, వాననీళ్లు పక్కలకు జారేలా నడుమ ఎత్తు చేసి, ఏటి రాళ్లు మోసుకొచ్చి పరిచారు. ఇది వాళ్ల రోడ్డు!”