రాజమౌళి బాపు నడిపిన ఇంజను

ఓ, లొల్లి బందువెట్టి దగ్గరికి జరుగుర్రి! వాళ్ల బాపు ఇంజను నడిపే పాత ఫొటోను రాజమౌళి రేపు తన ‘డ్రైవర్ హోటల్’ బోర్డుమీదికి ఎక్కిస్తుండు. ఏ ఇంజనో రాయాలని రిటైరైన రైల్వే మేస్త్రి విద్యాసాగర్ సారుకు చూపిచ్చిండు.

సారు చక్రాలు లెక్కవెట్టిండు. “ఒకదిక్కే ఏడున్నయ్. పొగేమో ముందటికి పోతుంది. గిసొంటి ఇంజను నేనెన్నడు చూడలే.”

“స్పెషల్ ఇంజను సార్! బాపు గంటకు మూడొందల మైళ్లు ఉరికిచ్చెటోడు!”

వాళ్లమ్మ కట్టమ్మ నవ్వింది. “అది బొమ్మ గీసిన పరద కొడుకా. జాతరల దాని బొక్కల తలవెట్టి మీ బాపు ఫొటో దిగిండు. నువ్వు డ్రైవరు కొడుకునని మురుస్తుంటే చెప్ప మనసొప్పలే.”

రాజమౌళి ఫొటోమీది దుమ్ము తుడిచిండు. “అయినా బోర్డుకు ఎక్కిస్త. మొఖమైతే బాపుదే గదా.”

పక్కన చాయ్ తాగుతున్న ఐలేశ్ అడిగిండు: “పరదదైతే ఏంది, గా బండి మన స్టేషన్ ఘన్‌పూర్ల ఆగుతదా, ఆగదా?”