రోజుకో సూది

“రోగాల్ని ఆపాల్సిన నీ ఒంట్లో కాపలావాడే నీ మీద తిరగబడ్డాడమ్మా. అందుకే రక్తం గడ్డకడుతోంది. కాలు వాచిందీ, మూడుసార్లు కడుపు పోయిందీ దానివల్లే,” అంది డాక్టరు.

మంచం మీదున్న కుట్టుపని చేసే కోడలు అత్తవైపు చూసింది.

“అయితే కుట్టుమిషను తొక్కడం వల్ల కాదా?” అంది అత్త.

“కానే కాదు. మందులు వాడితే బిడ్డ నిలిచే అవకాశం బాగా ఉంది. గర్భం వస్తే రోజూ పొట్టకి సూది వెయ్యాలి.”

“నాకు నేర్పండి. నేనే పొడుస్తాను,” అంది అత్త.

“ఆవిడకి నేర్పక్కర్లేదు డాక్టరుగారూ. మూడేళ్లుగా పొడుస్తూనే ఉన్నారు,” అంది కోడలు.

మాటకు మాట అప్పజెప్పే అత్త ఈసారి మంచం దగ్గరికి జరిగింది. కోడలి వాచిన కాలికింద దిండు సర్దింది.

“ఇన్నాళ్లూ పొడవకూడని చోట పొడిచానే, తల్లీ,” అంది.