చేటనెక్కి ఎగిరిన కోడిపిల్ల

ఒక పెరట్లో చారలమ్మ అనే ఉడుత ఉండేది. చేటనెక్కి, మంత్రం చదివి ఆకాశంలో తిరిగే ఒక కోడిపిల్ల కథను రోజుకు కొంచెం చొప్పున చెప్పేది. పెరట్లోని పిల్లలంతా మేత మానేసి మరీ వినేవాళ్లు.

పుంజు పెద్దయ్యకు ఒళ్లు మండింది. తన కూతవల్లే సూర్యుడు లేస్తాడని నమ్మే భక్తుడాయన.

"మంత్రాలూ మాయలూ నేర్పి పిల్లల్ని చెడగొడుతున్నావు. ఈ పెరడు వదిలి పో," అన్నాడు.

"కథ విన్నావా పెద్దయ్యా?"

"అంత పాపం నేను చెయ్యను."

"వినకుండానే తప్పు పట్టావా? ఘనుడివే. ఏ మాట తప్పో విని చెప్పు, అప్పుడు పోతాను."

అందరి ముందూ విచారణ మొదలైంది. మొదటి మంత్రానికి పుంజు చెవులు మూసుకుందామనుకున్నాడు, రెక్కలు అందలేదు. రెండో మంత్రానికి మెడ చాచి విన్నాడు. ఇంతలో కథలోకి గద్ద వచ్చి చేటను తన్నింది. కోడిపిల్ల తలకిందులుగా పడిపోతోంది. సరిగ్గా అక్కడే చారలమ్మ ఆగి, తాపీగా గింజ కొరుక్కుంది.

"చచ్చిందా?" అన్నాడు పుంజు.

"నీకెందుకు పెద్దయ్యా, పాపం కదూ."

పిల్లల్లో అందరికన్నా చిన్నది ముందుకొచ్చింది. "భయపడకు తాతా. మేం నిజం చేట ఎక్కి చూశాం, అది ఎగరదు. కథలోదే ఎగురుతుంది."

పుంజు గొంతు సవరించుకున్నాడు. "కథ మొత్తం విన్నాకే తీర్పు చెబుతాను. అందాకా ఇక్కడే ఉండు. రేపు ఎప్పుడు మొదలుపెడతావు?"

"మేత అవగానే," అంది చారలమ్మ. ఈ జన్మలో ఆ కథను ముగించకూడదని అప్పుడే నిశ్చయించుకుంది.