తొమ్మిదో రకం

క్రిస్టోఫర్ టీవీ గేమ్ డబ్బాను బోర్లా తిప్పి, భూతద్దం పెట్టి అడుగునున్న స్క్రూలు లెక్కపెట్టాడు.

"ఐదు," అన్నాడు, నాడి పట్టి చూసిన డాక్టరులా. "మామూలు దానికి ఆరుంటయ్. వైరు ఎడమపక్క. ఆన్ బటను పెసరపచ్చ. అన్నీ కలిసినయ్. ఇది ఎనిమిదో రకమే గ్రేస్ గారూ."

కౌంటరు వెనక గ్రేస్ బిగపట్టిన ఊపిరి వదిలింది.

అది మధిర స్టేషన్ రోడ్డులో ఆమె తండ్రి ఏసయ్య టీవీలు బాగుచేసే షాపు. క్రిస్టోఫర్‌ది ఎర్రుపాలెం, పోస్టాఫీసులో గుమాస్తా. పిల్లలంతా కంప్యూటర్ల మీద పడ్డాక ఊళ్లల్లో అటకెక్కిన పాత టీవీ గేములను పోగుచేస్తున్నాడు. చూడ్డానికి అన్నీ ఒక్కలాగే ఉంటాయి. పైన క్యాసెట్ పెట్టే మూత, ముందు రెండు బటన్లు. కానీ అదే డబ్బాను కంపెనీ రకరకాలుగా చేసిందనీ, ఆ తేడాలు పట్టడం అందరివల్లా కాదనీ అతను చెప్పేవాడు. ఎట్లా తెలుసని అడిగితే "ఇంటర్నెట్‌లో చూసిన" అనేవాడు. స్టేషన్ రోడ్డులో ఇంటర్నెట్ చూసిన ఇంకో మనిషి లేడు గనక ఆ మాటకి తిరుగులేదు.

ప్రతి శనివారం సాయంత్రం ప్యాసింజర్ దిగి వచ్చేవాడు. నోటుబుక్కు తీసి, ఇంకా దొరకని రకం ఎట్లా ఉంటుందో చదివేవాడు. గ్రేస్ రాసుకునేది. మళ్లీ శనివారానికి, అది ఏ అడవిలో దాక్కున్నా సరే, కౌంటరు మీద ఉండేది. రెండో రకాన్ని తెచ్చి ముందు పెట్టినప్పుడైతే అతను తెరిచిన నోరు ఐదు నిమిషాలు మూయలేదు. ఎంత సంతోషమో అనుకుంది గ్రేస్.

"ఇదెక్కడ దొరికిందండీ?" అడిగాడు క్రిస్టోఫర్.

"బూర్గంపాడు అవతల అడవిలో," అంది గ్రేస్ రెప్ప వేయకుండా. "నాగక్క అని, ఆమె ఇంట్లో అటక మీద. పన్నెండేళ్లుగా దీంట్లో తేళ్లు కాపురముంటున్నయంట. పిల్ల తేళ్లు దిగినయ్ గానీ, పెద్ద తేలు ఖాళీ చెయ్యనన్నదంట. రెండు రోజులు బతిమాలిర్రంట."

"మర్యాదగ చెప్తే తేళ్లు వింటయ్," అన్నాడు క్రిస్టోఫర్ గంభీరంగా. అది కూడా నోటుబుక్కులో రాసుకున్నాడు.

నిజానికి ఆ డబ్బా మధిర పొలిమేర దాటలేదు. మంగళవారం తండ్రి చర్చి కమిటీకి పోగానే గ్రేస్ తుక్కులోంచి ఒక పాత డబ్బా లాగింది. ఆరో స్క్రూ పీకి, ఆ బొక్కను ప్లాస్టిక్ కరిగించి పూడ్చింది. వైరు కోసి ఎడమపక్కకి అతికింది. పెసరపచ్చ గోళ్లరంగు మధిర మొత్తంలో దొరక్క, రెండు రంగులు కలిపి బటనుకి పూసింది. అదృష్టం కొద్దీ పోయిన శనివారం తను వేసుకున్న చుడీదార్‌ది అచ్చం అదే రంగు. పక్కన పెట్టుకుని పోల్చుకుంది.

మొదటి రకం ఒక్కటే నిజంగా దొరికింది. రెండోది దొరకలేదంటే అతను రావడం మానేస్తాడేమోనని మొదలుపెట్టిన పని, ఎనిమిదిదాకా వచ్చింది.

ఏసయ్య ఒక టీవీ వెనక నుంచి తల బయటపెట్టాడు.

"సోల్డరింగ్ తీగ మళ్లీ అయిపోయింది. ఈ షాపుల ఎలుకలు తీగ తింటున్నయా ఏంది? ఆఁ, క్రిస్టోఫరూ, మంచిగొచ్చినవ్. రేపు చర్చి అయినంక మా గ్రేస్‌ను చూసుకోనీకి ఖమ్మం నుంచి వస్తున్నరు. పిల్లగాడు బ్యాంకుల పని."

క్రిస్టోఫర్ పెన్సిలు ఆగిపోయింది. నోటుబుక్కులో అప్పటికే '9' అని వేసి చుట్టూ సున్నా చుట్టాడు. దాని పక్కన ఏమీ రాయకుండా పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

"దీంతో రకాలన్నీ అయిపోయినయండీ," అన్నాడు. "ఇంక నాకిక్కడ పని లేదు."

"మరి తొమ్మిదోది?" అంది గ్రేస్.

"లేదండీ."

"ఉంది! ఇప్పుడే నంబరేసిర్రు, నేను చూసిన."

"పొరపాటున వేసిన."

"ఎట్లుంటదో చెప్పండి! ఎర్ర లైటా? నాలుగు స్క్రూలా? అసలు స్క్రూలే ఉండవా? ఏదైనా సరే, వచ్చే శనివారానికి చేసి పెడత!"

బాగుచేయడానికి వచ్చిన టేబుల్ ఫ్యాను ఒక్కటే ఆ మాట విననట్టు తిరుగుతోంది.

"చేసుడేంది?" అన్నాడు ఏసయ్య.

ఆయన లేచి వచ్చి బటన్ని గోటితో గీకాడు. పెసరపచ్చ పొరలా ఊడి వచ్చింది. కింద ఎరుపు.

"నా తీగ తిన్న ఎలుక నువ్వానే!"

"అవ్," అంది గ్రేస్ తల వంచుకుని. "రెండోదాని కాడి నుంచి అన్నీ నేనే చేసిన. బూర్గంపాడుల నాగక్క లేదు. తేళ్లు గూడ లేవు. దొరకలేదంటే ఈయన మళ్లీ రాడేమోనని చేసిన. ఖమ్మమోళ్లను రావద్దని చెప్పు నాన్నా." కళ్లు తుడుచుకుని క్రిస్టోఫర్ వైపు తిరిగింది. "మీ లిస్టు మొత్తం ఖరాబు చేసిన. అసలు రకాలు యాడనో ఉండే ఉంటయ్. నన్ను తిట్టి, పోయి వెతుక్కోండి."

క్రిస్టోఫర్ నోటుబుక్కు మళ్లీ బయటికి తీశాడు. దాన్ని ఎటు పట్టుకోవాలో తెలియనట్టు రెండుసార్లు తిప్పాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"మాట్లాడవేందయ్యా?" అన్నాడు ఏసయ్య. "మోసపోయింది నువ్వే గదా, తిట్టు!"

"తిట్టనీకి నాకు మొహం లేదు సార్," అన్నాడు క్రిస్టోఫర్. నోటుబుక్కు తెచ్చి గ్రేస్ చేతిలో పెట్టాడు.

"కంపెనీ చేసింది ఒక్కటే రకం."